పాలమూరు చుట్టుపక్కల పాత మిషన్లు, అడవి: ఆదివారం బిడ్డను తీసుకుని ఎక్కడికి పోవాలి?

చిన్నగేజు అడిగిన ప్రశ్న

అందరికీ నమస్తే. మాది మహబూబ్‌నగర్. మెట్టుగడ్డ దిక్కు నాకు చిన్న మోటర్ వైండింగ్ షాపు ఉంది. ఎండాకాలం బోరు మోటర్లు కాలిపోయి వరుసగా వస్తాయి, అప్పుడు అన్నం తినే తీరిక ఉండదు. వానలు పడ్డాక మాత్రం ఆదివారాలు ఖాళీ. ఆ ఆదివారాల గురించే ఈ ప్రశ్న.

నా బిడ్డ ఎనిమిదో తరగతి. స్కూల్లో ‘మన ప్రాంతపు పాత పరిశ్రమ’ అని ఒక ప్రాజెక్టు ఇచ్చారు. తోటి పిల్లలు చార్టు కొని, నెట్‌లో దొరికిన పొగగొట్టం బొమ్మ ఏదో ప్రింటు తీసి అంటించారు. మాది మాత్రం “తాత పనిచేసిన మిల్లు చూపించు నాయినా” అని పట్టుబట్టింది.

మా నాయిన బాదేపల్లిలో ఒక జిన్నింగ్ మిల్లులో, అంటే పత్తి గింజల నుంచి దూది వేరుచేసే మిల్లులో, ఫిట్టరు. చిన్నప్పుడు సెలవుల్లో నేను సద్ది తీసుకుని పోయేవాణ్ణి. గోడ పొడుగునా ఒక షాఫ్టు, దాని మీది నుంచి ఒక్కో జిన్నుకు ఒక్కో తోలు బెల్టు. ఒక్క మోటరు తిరిగితే మిల్లంతా తిరిగేది. ఎక్కడన్నా బెల్టు వదులైతే చప్పుడు మారేది. నాయిన బీడీ తాగుతూ బయట కూర్చునే, అది ఎన్నో నంబరు జిన్నో చెప్పేవాడు. ఇంటికొచ్చేసరికి కనుబొమ్మల మీద దూది. అమ్మ గుమ్మంలోనే తువ్వాలతో దులిపి లోపలికి రానిచ్చేది. నాకు ఈ పని మీద ఇష్టం అక్కడే పుట్టిందేమో మరి.

పోయిన నెల బిడ్డను బండి మీద ఎక్కించుకుని పోయాను. మిల్లు లేదు. ప్లాట్లు చేశారు. సున్నం కొట్టిన హద్దురాళ్లు, మధ్యలో మేకలు. కాటా గది ఒక్కటే మిగిలింది, అందులో ఎవరివో సిమెంటు బస్తాలు. కొంచెం అవతల పాత పల్లీ నూనె మిల్లు ఒకటి కనబడితే, కనీసం నూనె పిండే ఎక్స్‌పెల్లరైనా చూపిద్దామని గేటు కొట్టాను. వాచ్‌మన్ వచ్చి “ఫొటోలెందుకు, కొంటరా?” అన్నాడు. కొనమన్నాను. గేటు వేసేశాడు. ఆయన తప్పేం లేదు, ఇప్పుడు పాత మిల్లు దగ్గరికి వచ్చేవాడు స్క్రాపు కొనేవాడో, ప్లాటు కొనేవాడో.

సంగతేమంటే, పాత కాలపు యంత్రమో, కట్టడమో, ఇంకా పని చేసేది కావాలి. యజమాని దయ మీద ఆధారపడకుండా చూడగలగాలి. పక్కన చెట్లో, నీళ్లో ఉండాలి, ఎందుకంటే నా బిడ్డకు మిషన్ల కన్నా పిట్టలంటే ప్రాణం. బస్సు, రైలు, బండి ఏదైనా సరే, పొద్దు గూకేలోపు ఇంటికి రావాలి. నాగార్జునసాగర్ పోండి అని మాత్రం చెప్పకండి, అది ఇక్కణ్ణుంచి దూరం, ఆ సంగతి మాకూ తెలుసు.

రేలపూత

తమ్ముడూ, నేను ఇక్కడే జూనియర్ కాలేజీలో బోటనీ చెప్తాను. అడవి మాటకు నేను జవాబిస్తాను, మిషన్ల మాట వేరేవాళ్లు చూసుకుంటారు.

దూరమెందుకు, అప్పన్నపల్లి రిజర్వ్ ఫారెస్టు ఉంది కదా. ఎకో పార్కు అని అందరం వెళ్లేది దానిలోకే. 2,087 ఎకరాలు. జనం మాత్రం మొదటి పది ఎకరాల్లోనే ఆగిపోతారు: జిప్‌లైను, గులాబీ తోట, సెల్ఫీ పాయింటు, ఐస్‌క్రీము. నాకు జిప్‌లైను మీద కోపం లేదు, కానీ దానికోసమే వచ్చి అడవి చూశామనుకునేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. మీరు తెరవగానే వెళ్లండి. ఆటవస్తువులు దాటి, రాళ్ల దిక్కు నడవండి. ఇది నల్లమల కాదు, పొడి నేల అడవి. చెట్లు పొట్టిగా, ముళ్లతో, ఎవరితోనో పోట్లాడి వచ్చినట్టుంటాయి. రేల, మోదుగ, సండ్ర, పరికి కంప, బలుసు. ఎండాకాలంలో వచ్చినవాళ్లు ఏముందిక్కడ, కట్టెలు తప్ప అంటారు. నాలుగు వానలు పడ్డాక వచ్చి చూస్తే గుర్తుపట్టలేరు. ఇప్పుడైతే సీతాఫలం కాయలు కళ్లు తెరిచే సమయం. బాలానగర్ సీతాఫలం అని పుస్తకాల్లో ఒక రకానికే పేరుంది తెలుసా? అది మన జిల్లా బాలానగరే. దేశంలో ఎక్కడెక్కడో తోటలు వేసుకుంటారు దాన్ని, మనవాళ్లు గుట్టల మీద ఏరుకొచ్చి బస్టాండులో గంపల్లో అమ్ముతారు.

పిట్టల కోసమైతే నెమలి అరుపు వినకుండా బయటికి రారు. పాలపిట్ట కరెంటు తీగ మీదే కూర్చుంటుంది, వెతకనక్కర్లేదు.

పిల్లలమర్రి చూసేశామని అంటారేమో, మళ్లీ ఒకసారి మీ కళ్లతో చూడండి. ఏడు వందల ఏళ్ల చెట్టని చెప్తారు, మూడెకరాలు పరుచుకుంది. 2017 చివర్లో చెదలు తినేసి కొమ్మ విరిగిపడితే జనాన్ని ఆపేశారు. మరుసటి ఏడాది చెదల మందు కలిపిన నీళ్లను సెలైన్ సీసాల్లో పోసి, కొమ్మలకు వేలాడదీసి, చుక్కచుక్కగా ఎక్కించారు. బరువైన కొమ్మల కింద దిమ్మెలు కట్టారు. నేను మా పిల్లలకు చెట్టు చూపిస్తాను, మీరు మీ అమ్మాయికి ఆ దిమ్మెలు చూపించండి. ఏ కొమ్మ బరువు ఎటు పడుతుందో లెక్క కట్టి పెట్టారు, అది ఫిట్టరు పనే కదా.

మదనాపురం గేటు

అన్నా, నువ్వడిగినవన్నీ ఒక్కచోట ఉన్నాయి. మా ఊరికి రా. సరళాసాగర్.

మోటరు మనిషివి కాబట్టి సూటిగా చెప్తా. ఆ డ్యాముకు ఎత్తే గేట్లు లేవు. మోటర్లు లేవు, చైన్లు లేవు, పొంగు వస్తే స్విచ్చు వేసేవాడు లేడు. నీళ్లు నిండితే డ్యాము తనంతట తానే వదులుతుంది, తగ్గితే తానే ఆపేస్తుంది. వనపర్తి సంస్థానం రాజా రామేశ్వరరావు కట్టించి, తల్లి సరళాదేవి పేరు పెట్టారు. పునాది 1949, ప్రారంభం 1959.

ఎట్ల పనిచేస్తుందంటే: బండి ట్యాంకులోంచి పెట్రోలు తీయడానికి పైపు పెట్టి నోటితో గుంజుతాం కదా? ఒకసారి గుంజితే చాలు, ఆ తర్వాత దానంతటదే కారుతుంది. సరళాసాగర్‌లో ఆ పైపు (దీన్నే సైఫన్ అంటారు) సిమెంటుది, వంచిన సొరకాయ మెడలాగా ఉంటుంది. ఒక మూతి చెరువు నీళ్లలో, ఇంకో మూతి కట్ట అవతల కింద. మధ్యలో వంపు సరిగ్గా చెరువు నిండే మట్టానికి ఉంటుంది. నీళ్లు ఆ వంపు దాటి సన్నగా పొర్లడం మొదలుపెడితే, పోతూ పోతూ గొట్టంలోని గాలిని కూడా ఈడ్చుకుపోతాయి. గాలి అయిపోయిందా, గొట్టం నిండుగా పట్టేస్తుంది. అప్పుడు పారేది పొర్లే నీళ్లు కాదన్నా, గుంజుకొచ్చే నీళ్లు. నోటితో గుంజే పని చేయడానికి ప్రైమింగ్ సైఫన్లు అని చిన్నవి వేరే ఉన్నాయి. మట్టం దిగితే పైన ఉన్న సందులోంచి గాలి లోపలికి పోతుంది, గొట్టం గుటుక్కుమని ఆగిపోతుంది. మా ఊళ్లో “సైఫన్లు పట్టినయ్” అంటే చాలు, పొలంలో ఉన్నవాళ్లు కూడా చేతులు కడుక్కుని పరుగెత్తి వస్తారు చూడటానికి.

ప్రతి వానాకాలం పేపర్లో ‘దేశంలోనే మొదటి సైఫన్ డ్యాము’ అని రాస్తారు. మా ఊరి మీద ప్రేమ నాకూ ఉంది, అబద్ధం చెప్పను. కర్ణాటకలో తుమకూరు జిల్లా మార్కోనహళ్లి డ్యాముకు మైసూరు రాజుల కాలంలోనే ఈ తరహా సైఫన్లు పెట్టారు, అది మాదానికన్నా ముందుది. పాప ప్రాజెక్టులో మొదటిది అని రాయకుండా, మన దగ్గరిది అని రాసుకోమను.

ఇంకోటి దాచకుండా చెప్పాలి. 2019 డిసెంబరు 31న కట్ట తెగింది. చాలా ఏళ్ల తర్వాత డ్యాము నిండిందని సంబరపడుతున్న రోజులు అవి. పొద్దున్నే లేచేసరికి నీళ్లన్నీ రామన్‌పాడు దిక్కు పోతున్నాయి. తెగింది మట్టికట్ట, సైఫన్లు చెక్కుచెదరలేదు. తర్వాత మళ్లీ కట్టారు. అతుకు వేసిన చోటు ఇప్పటికీ రంగు తేడాతో తెలుస్తుంది, చూపిస్తా.

రైలుకు రా. వనపర్తి రోడ్ స్టేషన్‌లో దిగు. స్టేషన్ ఉన్నది మా మదనాపురంలో, వనపర్తి అక్కణ్ణుంచి చాలా దూరం. ఆ పేరు నమ్మి రాత్రిపూట దిగి తిట్టుకున్నవాళ్లను ఎందరినో చూశా. సైఫన్లు పట్టినప్పుడు మాత్రం రైల్వే గేటు దగ్గర వాగు పొంగి ఆత్మకూరు రోడ్డు బందయిపోతుంది.

గడ్డివాము

పాత మిల్లుల్లో ఏముంటుందన్నా, పాములు తప్ప. పిల్లను ఏదైనా మాల్‌కి తీసుకుపో.

చిన్నగేజు

@గడ్డివాము మాల్‌లో ఎస్కలేటర్ మోటరు కాలిపోతే మా షాపుకే వస్తుంది, అప్పుడు చూపిస్తా.

పానగల్లు పిట్ట

అన్నయ్యా, మాది నల్లగొండ. వద్దన్నారు కానీ సాగర్ గురించి ఒక్క ముక్క చెప్పి వెళ్లిపోతాను, మోటర్ వైండింగ్ అన్నారు కాబట్టి. సాగర్ పవర్‌హౌస్‌లో ఒక్కోటి 100.8 మెగావాట్ల యూనిట్లు ఏడున్నాయి. ఇవి రెండు వైపులా తిరుగుతాయి. నీళ్లు వదిలితే కరెంటు తీస్తాయి. కరెంటు మిగిలిన వేళ అదే మిషన్ మోటరై, కిందికి వదిలిన నీళ్లను మళ్లీ డ్యాములోకి ఎత్తిపోస్తుంది. లోపలికి అనుమతి లేకుండా పోనివ్వరు. కానీ ఇది తెలిశాక డ్యామును దూరం నుంచి చూసినా వేరేగా కనిపిస్తుంది. ఇక దాని ఊసెత్తను.

మా ఊరి అంచున పానగల్లు ఉంది. ఉదయసముద్రం చెరువు కందూరు చోడ రాజుల నాటిది. ఇప్పుడది కృష్ణ నీళ్లు తెచ్చే ఏఎమ్మార్ కాలువ నుంచి నింపుకునే రిజర్వాయరు కూడా. మా నల్లగొండ పేరు చెప్తే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది, వంకర కాళ్ల పిల్లల ఫొటోలే గుర్తొస్తాయి. ఈ చెరువుకు కృష్ణ నీళ్లొచ్చాక మా టౌను కుళాయిల్లో నీటి రుచి మారింది, మా అమ్మ ఇప్పటికీ చెప్తుంది. అంటే తొమ్మిది వందల ఏళ్ల కిందటి కట్ట ఇప్పుడు డ్యూటీలో ఉందన్నమాట. మీరడిగిన ‘ఇంకా పని చేసేది’ అంటే ఇదే కదా?

చలికాలంలో వలస బాతులు దిగుతాయి, అప్పుడు రండి. కట్ట మీద నడిచి, ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్లి, గర్భగుడిలో లింగం వెనుక గోడ మీద కదలని నీడ చూపించండి పాపకు. అది ఏ స్తంభం నీడో తనే కనిపెట్టాలి. చెప్పేయకండి.

మేస్త్రి మనవడు

చదువుతుంటే ఒక మాట రాయాలనిపించింది. మాది కోయిలకొండ దిక్కు. మా దగ్గర మిల్లులు లేవు, చిమ్నీలు లేవు. మా తాత గుంపు మేస్త్రి. ఊళ్లో అప్పుల్లో ఉన్నవాళ్లకు అడ్వాన్సు ఇచ్చి, ఆలుమగలను, పిల్లలను లారీలో ఎక్కించుకుని, ఎక్కడ డ్యాము కడితే అక్కడికి తీసుకుపోయేవాడు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. సాగర్ పునాది 1955లో పడింది, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. అది సిమెంటు గోడ కాదు, రాయి మీద రాయి పేర్చి కట్టిన డ్యాము. మా నానమ్మ ఆ రాళ్లు మోసింది. మా చిన్నాయన అక్కడ గుడిసెలోనే పుట్టాడు, అందుకే పేరు సాగర్.

తాత మంచోడని నేను చెప్పను. అడ్వాన్సు తీరేదాకా మనుషులను కదలనిచ్చేవాడు కాదని ఊళ్లో ఇప్పటికీ అంటారు. డ్యాములు కట్టినవాళ్ల చేలల్లో మాత్రం బోర్లే, నువ్వు చుట్టిన మోటర్లే. అన్నా, పాప ప్రాజెక్టుకు వస్తువు కావాలంటే మా ఇంట్లో ఒక ఇనుప తట్ట, ఒక సమ్మెట ఉన్నాయి. సమ్మెట కామ మూడుసార్లు మార్చాం, తల పాతదే. వచ్చి ఫొటో తీసుకో. మేము కొంటరా అని అడగం.

దారిలో కోయిల్‌సాగర్ చూడు. నిజాం కాలం చివర్లో రెండు గుట్టల మధ్య పెద్దవాగుకు కట్టారు. వానాకాలం సాయంత్రం గుట్ట నీడ నీళ్ల మీద పడితే లేవబుద్ధి కాదు.

చిన్నగేజు

పోయిన ఆదివారం పోయొచ్చాం, ఆలస్యంగా రాస్తున్నా. షాపులో పని పడింది.

పొద్దుగాల ప్యాసింజరు ఎక్కాం. మా ఆవిడ జొన్నరొట్టెలు, పల్లీ చట్నీ కట్టిచ్చింది. దేవరకద్ర దాటేసరికే సగం అయిపోయాయి. నా చిన్నప్పుడు ఈ లైను మీటర్ గేజు, ఊగుకుంటూ పోయేది. నా పేరు ఆ రైలుదే. బిడ్డ కిటికీలోంచి కురుమూర్తి గుట్టలు చూస్తూ ఎన్ని పిట్టలు కనబడ్డాయో గీతలు గీసుకుంది. నేనేమో ప్రతి మోటరు షెడ్డూ చూస్తూ కూర్చున్నా.

మదనాపురం గేటు తమ్ముడు స్టేషన్‌కు వచ్చాడు, నీకు రుణపడి ఉన్నా తమ్మీ. డ్యాము మాత్రం నిండలేదు. వంపుకు ఇంకా రెండు మూడు అడుగుల కింద ఆగాయి నీళ్లు. నాకు ప్రాణం ఉసూరుమంది. ఇంత దూరం తీసుకొచ్చి ఆగిన మిషనే చూపించాలా మళ్లీ? బిడ్డకు ఆ బాధేం లేదు. కట్ట అవతలికి దిగి, ఎండిన గొట్టాల మూతుల ముందు నిలబడి “ఓ...” అని అరిచింది. లోపల్నుంచి బొంగురుగా తిరిగొచ్చింది. ప్రతి మూతి ముందూ అరిచింది. రెండు మూతుల్లో చప్పుడు తేడా ఉందంది. నాకైతే తేడా తెలియలేదు. మా నాయినకు తెలిసేదేమో.

అక్కడే గోడ మీద కూర్చుని నోటుబుక్కులో గొట్టం కోసినట్టు బొమ్మ గీసింది. గాలి ఎక్కడికి పోతుంది, ఎంతసేపట్లో పోతుంది, పోయేటప్పుడు చప్పుడు వస్తుందా అని తమ్ముణ్ణి తినేసింది. రాగానే ఇంట్లో బకెట్టు, ముప్పావు అంగుళం పైపు పెట్టి మొదలుపెట్టాం. నోటితో గుంజొద్దు, నీళ్లే గాలిని గుంజాలి అని దాని షరతు. పైపు కింది మూతి గాలిలో ఉన్నంతసేపు పట్టనే లేదు, సన్నగా కారి ఆగిపోయేది. ఆ మూతిని కింద గిన్నెలో నీళ్లలో ముంచి, పైన నీళ్లు గబగబా పోస్తే నాలుగోసారికి గుటగుటమని పట్టింది. వంటిల్లంతా నీళ్లు. ఇద్దరం తిట్లు తిన్నాం.

నీటి అంచున నీటికాకులు, లకుముకి పిట్టలు రెండు, ఒక బుడుబుంగ. తుమ్మ కొమ్మకు గిజిగాడి గూళ్లు. రేలపూత అక్కా, లెక్క మొత్తం రాసుకొచ్చింది, అప్పన్నపల్లిలో మీకు చూపిస్తుందట.

ప్రాజెక్టు ఇచ్చింది. ఇది డ్యాము కదా, పరిశ్రమ కాదు కదా అని పదికి ఆరు వేశారు. పొగగొట్టం బొమ్మ అంటించిన పిల్లకు తొమ్మిది. నాకు టెన్షన్ వచ్చింది, పోయి అడుగుదామనుకున్నా. “వద్దు నాయినా, వాళ్ల బొమ్మలో పొగ కూడా లేదు” అంది. మేస్త్రి మనవడా, దసరా సెలవుల్లో మీ సమ్మెట కోసం వస్తాం.

మదనాపురం గేటు

అన్నా, రాత్రంతా వాన. పొద్దున ఐదింటికి సైఫన్లు పట్టినయ్. చప్పుడు ఉంది, పాపకు చెప్పు. గేటు దగ్గర రోడ్డు బంద్. రైలుకే రండి.